దేవుని ప్రేమ "లోతు" అంటే ఏమిటి? నాకేమీ అనిపించకపోతే నా విశ్వాసంలో లోపమా?

వందనాలు సిస్టర్.

మీరు రాసినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. చిన్నప్పటినుంచి చర్చిలోనే పెరిగారు, క్వయర్‌లో పాడతారు. అమ్మగారి క్యాన్సర్ కోసం ఇంటిల్లిపాదీ నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. ఏడు నెలల క్రితం ఆమె పోయారు. అప్పటినుంచి ప్రసంగంలో "దేవుని ప్రేమ ఎంత లోతైనదో" అన్న మాట వినబడ్డప్పుడల్లా మీ లోపల ఏమీ కదలడం లేదు. పక్కవాళ్లు ఆరాధనలో కన్నీళ్లు తుడుచుకుంటుంటే మీరు గోడ గడియారం చూస్తున్నారు. ఎఫెసీ పత్రిక (ఎఫెసు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం) 3వ అధ్యాయంలో చెప్పిన ఆ లోతు అసలు ఏమిటి, అది తెలియనివాళ్లకు విశ్వాసం లేనట్టేనా, క్వయర్ మానెయ్యాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ విశ్వాసంలో లోపం లేదు. బైబిల్లో దేవుని ప్రేమ లోతు అంటే, ఆయన మనకోసం ఎంత కిందికి దిగాడన్న లెక్క. మన గుండె ఎంత పొంగిందన్నది వేరే సంగతి. పొంగితే సంతోషమే. పొంగనంత మాత్రాన ఆ లోతులో అంగుళం కూడా తగ్గదు.

ఇది పుస్తకం చదివి చెప్తున్న మాట కాదు. ముప్పై ఒక్క ఏళ్లుగా పాస్టరుగా ఉన్నాను. గుంటూరు జిల్లా పల్లెల్లో కొన్నాళ్లు, మధ్యలో పన్నెండేళ్లు ఒక మిషన్ ఆస్పత్రిలో రోగుల దగ్గర. మీ ప్రశ్న నాకు చాలామంది వేశారు. ఎక్కువమంది రాత్రి పది దాటాక ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగినవాళ్లే. పగలు గుడిలో ఎవరూ అడగరు.

ఆ "లోతు" అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. మా నాన్న బావుల్లో పూడిక తీసేవారు. ఎండలు ముదిరాక మా ఇంట్లో మోకులు, గిలక, తట్టలు బయటికి వచ్చేవి. ఏ ఊరు వెళ్లినా బావి చుట్టూ పదిమంది చేరి లోతు గురించి వాదించుకునేవాళ్లు. ఒకాయన రాయి వేసి చప్పుడు విని "అయిదు నిలువులు" అనేవాడు. ఇంకొకాయన "మా తాత తవ్వించాడు, ఏడు నిలువులకు తక్కువ లేదు" అనేవాడు. నాన్న ఏమీ మాట్లాడేవారు కాదు. వెలిగించిన లాంతరు తాడు కట్టి ముందు లోపలికి దించేవారు. అడుగున చెడ్డగాలి ఉంటే దీపం ఆరిపోతుంది. ఆరలేదంటే నడుముకు మోకు కట్టుకుని దిగేవారు. సాయంత్రం ఛాతీ దాకా బురదతో పైకొచ్చి, ఒరమీద కూర్చుని, బీడీ వెలిగించి, "ఆరున్నర" అనేవారు. ఇక ఎవరూ వాదించేవాళ్లు కాదు.

మన భాషలో లోతును మనిషితో కొలుస్తాం, గమనించారా? మోకాలి లోతు, నడుం లోతు, పీకల్లోతు, నిలువు లోతు. బైబిల్లోనూ ఇలాంటి కొలతే ఒకటి ఉంది. యెహెజ్కేలు 47వ అధ్యాయంలో దేవాలయం కింది నుంచి నీళ్లు వస్తాయి. ఒక మనుష్యుడు వెయ్యేసి మూరలు కొలుస్తూ ప్రవక్తను ఆ నీళ్లలో నడిపిస్తాడు. మొదట చీలమండ లోతు, తర్వాత మోకాళ్ల లోతు, తర్వాత మొల లోతు, చివరికి ఈదితే తప్ప దాటలేని నది. ఒడ్డున నిలబడ్డవాడికి ఆ నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలియదు. దిగిన ఒంటికే తెలుస్తుంది. నా మటుకు నాకు దేవుడు శరీరధారి అయ్యాడన్న మాట ఇక్కడే అర్థమైంది. ప్రేమ లోతు కొలవడానికి ఆయన ఒక ఒళ్లు తెచ్చుకున్నాడు.

ఎంతవరకు దిగాడో ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం మెట్టు మెట్టుగా చెబుతుంది. దేవుని స్వరూపం కలిగినవాడు తనను తాను రిక్తునిగా, అంటే ఖాళీగా, చేసుకున్నాడు. దాసుని స్వరూపం ధరించాడు. మరణం పొందాడు. అక్కడితో ఆగకుండా పౌలు "అనగా సిలువమరణము" అని ఇంకో మెట్టు కిందికి తీసుకెళ్తాడు. ఫిలిప్పీ రోమా వలస పట్టణం. సిలువ అనేది ముఖ్యంగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష అనీ, రోమా పౌరులకు సాధారణంగా వెయ్యరనీ ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. మర్యాదస్తుల ఇళ్లలో ఆ మాటే ఎత్తేవాళ్లు కాదు. ఇప్పుడు మనం దాన్ని బంగారు గొలుసుకు తగిలించుకుంటున్నాం కాబట్టి ఆ మెట్టు మనకు కనబడదు.

యోహాను 3:16 గురించి కూడా ఒక మాట. మన తెలుగు బైబిల్లో "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అని ఉంది. అది చదవగానే "ఎంతో" మీద మన దృష్టి పడుతుంది, అదేదో పరిమాణం అన్నట్టు. గ్రీకులో అక్కడున్న "హూటోస్" అనే మాటకు ప్రధానంగా "ఈ విధంగా" అని అర్థం. దేవుడు లోకాన్ని ఇలా ప్రేమించాడు, అంటే తన కుమారుణ్ణి ఇచ్చి. ప్రేమించిన తీరు చెబుతున్నాడు యోహాను. ఈ సంగతి నాకు సెమినరీలో చెప్పారు. నేను మాత్రం పదిహేనేళ్లు "ఎంతో"ని సాగదీసే ప్రసంగాలు చేశాను, జనం ఏడ్చారు కూడా.

ఇక మీరడిగిన వచనం. పౌలు దాన్ని చెరలో ఉండి, మోకాళ్లూని, ప్రార్థనగా రాశాడు. ఎఫెసీ 3:18లో వెడల్పు, పొడుగు, లోతు, ఎత్తు అని నాలుగు కొలతలు ఉన్నాయి, ఏ వస్తువు కొలతలో గ్రీకులో చెప్పలేదు. తర్వాతి వచనంలో క్రీస్తు ప్రేమ ప్రస్తావన ఉంది కాబట్టి దానికే అన్వయిస్తాం. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణానికి బిషప్‌గా ఉండి 430లో చనిపోయిన ఆగస్టీన్ ఈ నాలుగింటినీ సిలువ మానులో చూశాడు. అడ్డదూలం వెడల్పు, నిలువు మాను పొడుగు, తలపైకి లేచిన భాగం ఎత్తు, భూమిలో పాతిన భాగం లోతు. పాతింది ఎవరికీ కనబడదు, పైనున్నదంతా దానిమీదే నిలబడుతుంది. ఇది వచనానికి అసలు అర్థమేనా అంటే పండితులు ఒప్పుకోకపోవచ్చు. కానీ పెళ్లి పందిరికి రాట పాతడం చూసినవాళ్లకు ఈ పోలిక విప్పి చెప్పనక్కర్లేదు.

మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది: "అమ్మను బతికించనివాడు నన్ను ప్రేమిస్తున్నట్టా?" నేనున్నా అదే అడిగేవాణ్ణి. దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఉందని చెప్పేవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి.

సమాధానానికి బదులు ఒక మనిషి సంగతి చెప్తాను. యుర్గెన్ మోల్ట్‌మన్ అనే జర్మన్ వేదాంతి, 1926లో హాంబర్గ్‌లో పుట్టాడు. ఇంట్లో భక్తి ఏమీ లేదు. 1943 జూలైలో ఆ ఊరిమీద బాంబులు కురిసిన రోజుల్లో విమాన విధ్వంసక దళంలో కుర్రవాడు. పక్కనే నిలబడ్డ స్నేహితుడు ముక్కలైపోయాడు, తనకేమీ కాలేదు. జీవితంలో మొదటిసారి ఆ రాత్రి దేవుణ్ణి పిలిచాడు, ఎక్కడున్నావని. తర్వాత యుద్ధఖైదీ అయ్యాడు. శిబిరంలో ఒక సైనిక చాప్లిన్ (సైన్యంలో పనిచేసే పాస్టరు) బైబిల్ ఇస్తే మొదట ఏమీ అంటలేదు. విలాప కీర్తనల్లో 39వ కీర్తన దగ్గర ఆగాడు. ఆ తర్వాత మార్కు సువార్తలో "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని సిలువమీద యేసు వేసిన కేక దగ్గరికి వచ్చాడు. తన కేకే అది. తనలాగే వదిలేయబడ్డవాడు ఒకడున్నాడని అప్పుడు అర్థమైందట. 1972లో ఆ సిలువమీదే ఆయన ఒక పెద్ద గ్రంథం రాశాడు. 2024లో కన్నుమూశాడు. స్నేహితుడు ఎందుకు పోయాడో ఆయనకు చివరిదాకా తెలియలేదు. ఆ గోతిలో తాను ఒంటరిగా లేడన్నది మాత్రం తెలిసింది.

రోమా 8వ అధ్యాయం చివర మనల్ని దేవుని ప్రేమనుండి ఎడబాపలేనివాటి జాబితా ఒకటి ఉంది కదా, మరణమైనను జీవమైనను అంటూ. అందులో "లోతైనను" అన్న మాటకు గ్రీకులో ఉన్నది "బాథోస్". ఎఫెసీ 3:18లో లోతుకు వాడింది కూడా అదే మాట. మనిషిని మింగే లోతుకూ, ఆయన ప్రేమ లోతుకూ పౌలు ఒక్క పదమే వాడాడు. ఈ సంగతి గమనించిన రోజు నేను ప్రసంగం రాయడం ఆపి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆస్పత్రిలో జరిగింది ఒకటి చెప్పాలి. ఆరేళ్ల పిల్లవాడు డెంగీతో పోయాడు. తండ్రి వరండాలో గోడకు తల కొట్టుకుంటున్నాడు. నన్ను చూసి "నీ దేవుడు ఎక్కడికి పోయాడు?" అని అరిచాడు. నేను తెల్లచొక్కా, చేతిలో బైబిల్, నిలబడి ఏదో వచనం అందుకున్నాను. ఏ వచనమో కూడా ఇప్పుడు గుర్తులేదు. అతను వినలేదు, వినకపోవడమే మంచిదయింది. అంతలో వార్డు ఊడ్చే ఆయా చీపురు పక్కన పెట్టి వచ్చి, అతని పక్కన నేలమీద కూర్చుంది. ఫినాయిల్ తడి ఇంకా ఆరలేదు. చీర తడుస్తోంది, పట్టించుకోలేదు. చాలాసేపటికి "నాకూ ఒకడు పోయాడయ్యా" అంది. అంతే. అతను ఆమె భుజంమీద తల పెట్టి ఏడ్చాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

ఆమె మన మతస్తురాలు కూడా కాదు. కానీ ఫిలిప్పీ 2వ అధ్యాయం ఎప్పుడు చదివినా నాకు ఆ తడి నేలే కనబడుతుంది. ఆ తర్వాత నుంచి రోగి దగ్గరికి వెళ్తే ముందు కూర్చుంటున్నాను. స్టూల్ లేకపోతే నేలమీదే.

కొన్ని జాగ్రత్తలు కూడా రాయాలి.

దీవెనలతో ప్రేమను కొలవకండి. వీసా స్టాంప్ అయిందని, ప్లాట్ రిజిస్ట్రేషన్ అయిందని సాక్ష్యాలు వింటాం. దేవునికి కృతజ్ఞత చెప్పడం మంచిదే. కానీ "దేవుడు నన్ను ప్రేమించాడు కాబట్టి వీసా ఇచ్చాడు" అంటే, వెనక బెంచీలో వీసా రిజెక్ట్ అయిన కుర్రాడికి ఏం చెబుతున్నట్టు? మీ ఇంట్లో నలభై రోజుల ఉపవాసానికి ఏం చెబుతున్నట్టు? రోమా 5:8 ప్రేమకు రుజువుగా ఒక్కటే చూపిస్తుంది: మనమింకా పాపులమై ఉండగానే క్రీస్తు చనిపోయాడు. మీ అమ్మగారి రిపోర్టులు దానికి రుజువూ కావు, వ్యతిరేక రుజువూ కావు. ఎవరైనా వచ్చి "మీ ప్రార్థనలో విశ్వాసం చాలలేదేమో" అంటే, వాళ్లకు టీ ఇచ్చి పంపెయ్యండి.

ప్రేమ లోతు పేరుతో ఎవరినీ గోతిలోకి తొయ్యకూడదు. ఇది మీకు సంబంధం లేకపోవచ్చు, చదివే మిగతావాళ్ల కోసం. చాలా ఏళ్ల క్రితం భర్త కొడుతున్నాడని ఒకామె నా దగ్గరికి వచ్చింది. "ప్రేమ అన్నిటికి తాళుకొనును" అన్న వచనం చదివి, ప్రార్థన చేసి, ఇంటికి పంపాను. మూడు వారాలకు చెయ్యి విరిగి మేమున్న ఆస్పత్రికే వచ్చింది. తప్పు నాది. యేసు తన ప్రాణం గురించి "ఎవడును నాయొద్దనుండి దాని తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్నాడు. తానై దిగడం వేరు, ఇంకొకరిని తొయ్యడం వేరు. ఇప్పుడైతే ముందు ఆమెను సురక్షితమైన చోటికి చేర్చి, తర్వాతే ప్రార్థన మాట ఎత్తుతాను.

దుఃఖానికీ డిప్రెషన్‌కూ తేడా చూసుకోండి. ఏడు నెలలకు దుఃఖం ఉండటం సహజం. కానీ నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఆఫీసు పని అసలు చెయ్యలేకపోవడం, బతకడం ఎందుకనిపించడం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగర్‌కి మాత్ర వేసుకున్నట్టే ఇది కూడా. నేనూ ఒకప్పుడు వేసుకున్నాను. ఏడాదిన్నర పాటు లోపల ఏమీ లేకుండా ప్రసంగాలు చేశాను. మా ఆవిడ గుర్తుపట్టింది, సంఘం గుర్తుపట్టలేదు. మదర్ తెరెసా ఉత్తరాలు ఆమె పోయిన పదేళ్లకు, 2007లో బయటికి వచ్చినప్పుడు, దశాబ్దాల పాటు ఆమెకు దేవుని సన్నిధి ఏమీ తెలియలేదని చదివి చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఊపిరి వచ్చినట్టయింది.

ఏం చెయ్యాలని కూడా అడిగారు. నేను చేసిందే చెప్తాను. అందరికీ పనిచేస్తుందని కాదు.

88వ కీర్తన తీసి గట్టిగా చదవండి. మిగతా విలాప కీర్తనలు చాలావరకు ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దాన్ని కూడా దేవుని వాక్యమని బైబిల్లో ఉంచారు. మీరు ఆరాధనలో నటించనక్కర్లేదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఆధారం దొరకలేదు. తర్వాత మార్కు 14, 15 అధ్యాయాలు నెమ్మదిగా, రోజుకు పది వచనాలు. ఏదో అనిపించాలని చూడకండి. ఆయన ఎక్కడెక్కడికి దిగుతున్నాడో మాత్రం చూస్తూ వెళ్లండి: గెత్సేమనే తోటలో నేలమీద పడటం, శిష్యులు నిద్రపోవడం, ముఖంమీద ఉమ్మి, కేక.

ఇంకొకటి. ఎఫెసీ వచనంలో అందరం దాటేసే మాట ఒకటుంది: "సమస్త పరిశుద్ధులతో కూడ". ఆ లోతు ఒంటరిగా గదిలో కూర్చుని గ్రహించమని పౌలు చెప్పలేదు. నాన్న దిగినప్పుడు పైన మోకు పట్టుకోవడానికి ఎప్పుడూ నలుగురుండేవాళ్లు. పదేళ్లవాణ్ణి నేను, వాళ్ల వెనక తాడు చివర పట్టుకుని నిలబడేవాణ్ణి. నా బలం వల్ల ఒరిగిందేమీ లేదు, కానీ పట్టుకునేవాణ్ణి. మీ అమ్మగారి భూస్థాపన రోజు ఎవరు వంట చేసి పంపారో, ఆదరణ కూడికకు ఎవరు కుర్చీలు వేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. వాళ్లలో ఒకరి దగ్గరికి వెళ్లి, మీకేమీ అనిపించడం లేదని చెప్పండి. ప్రసంగం మొదలుపెట్టేవాళ్లను కాకుండా, వినేవాళ్లను చూసుకోండి.

వచ్చే ఆదివారం ప్రభు బల్ల ఉంటే వెళ్లండి. మిగతా ఆరాధనంతా మన నోరు, మన మనసు పనిచెయ్యాలి. అక్కడ చెయ్యి చాపితే చాలు. రొట్టె ముక్క అరచేతిలో పడుతుంది, మీ మనసు ఆ రోజు ఎలా ఉన్నా సరే.

క్వయర్ మానకండి. పాడగలిగితే పాడండి. "ప్రేమ" అన్న మాట దగ్గర గొంతు రాకపోతే పుస్తకం పట్టుకుని ఊరికే నిలబడండి. ఆ చరణం పక్కామె పాడుతుంది.